పిల్లల్లో కీళ్ల జబ్బులు: ఇంట్లో ఎలా గమనించాలి, డాక్టరుకు ఏం చెప్పాలి

"కీళ్లవాతం ముసలివాళ్లకు కదండీ వచ్చేది, పిల్లలకేంటి?" అని అడుగుతారు. ఆ వెంటనే, "మా పాప రోజూ రాత్రి కాళ్లు పీకుతున్నాయంటోంది, అదేనంటారా?" అని ఇంకో ప్రశ్న వస్తుంది. మొదటిదానికి జవాబు: పిల్లలకూ వస్తుంది, రెండేళ్లు నిండని పిల్లలకు కూడా. రెండోదానికి: చాలావరకు అది కాదు. ఏది అవునో, ఏది కాదో తేల్చుకోవడానికి ఏం చూడాలి, ఏ వరుసలో చూడాలి అన్నదే ఇక్కడ రాస్తున్నాను.

జబ్బుకు పేరు పెట్టడం డాక్టరు పని. సరిగ్గా చూడటం, చూసింది రాసిపెట్టుకోవడం, ఆలస్యం చేయకపోవడం ఇంట్లోవాళ్ల పని. పిల్లల కీళ్ల జబ్బుల్లో రక్తపరీక్ష రిపోర్టు కంటే పొద్దున్నే మంచం దిగి నడిచే పిల్ల ఎక్కువ విషయం చెబుతుంది. ఆ దృశ్యం డాక్టరుకు దొరకదు, మీకే దొరుకుతుంది.

## 1. ముందు ఇవి చూడండి: వీటిలో ఒక్కటున్నా ఈరోజే ఆసుపత్రికి

☐ జ్వరంతో పాటు ఒకే కీలు వాచింది. ముట్టుకోనివ్వడం లేదు, ఆ కాలు నేల మీద పెట్టడం లేదు.

☐ పసిపాప ఒక కాలో చెయ్యో కదపకుండా వదిలేసింది. డైపర్ మార్చడానికి కాళ్లు ఎడం చేస్తే కెవ్వుమంటోంది.

☐ ఎముకల నొప్పి నిద్రలోంచి లేపుతోంది. పిల్ల పాలిపోయింది, దెబ్బ తగలకుండానే ఒంటి మీద కమిలిన మచ్చలు కనిపిస్తున్నాయి.

☐ కీళ్ల నొప్పులతో పాటు ఆయాసం, గుండెదడ ఉన్నాయి.

☐ చిన్న దెబ్బకే మగపిల్లాడి మోకాలు గంటల్లో వాచిపోయింది.

☐ ఐదు రోజులైనా జ్వరం తగ్గలేదు. పుసి లేకుండా కళ్లు ఎర్రబడ్డాయి, పెదవులు పగిలాయి, ఒంటి మీద దద్దు, చేతులూ పాదాలూ ఉబ్బాయి.

☐ మెట్లెక్కలేకపోతోంది, నీళ్లు తాగితే పొలమారుతోంది, గొంతు ముక్కుతో మాట్లాడినట్టు మారింది.

మొదటి రెండూ కీలులో చీము పట్టిన లక్షణాలు కావచ్చు. చీము పడితే కీలులోని మృదులాస్థి రోజుల్లోనే దెబ్బతింటుంది. సూదితో కీలులోని ద్రవం తీసి పరీక్షించాలని డాక్టరు అంటే భయపడి వాయిదా వేయకండి. యాంటీబయాటిక్ మొదలుపెట్టేముందే ఆ శాంపిల్ తీస్తే ఏ క్రిమి అన్నది తెలిసే అవకాశం ఎక్కువ.

మూడోది లుకేమియా, అంటే రక్త క్యాన్సర్ కావచ్చు. ఐదోది హీమోఫీలియా, అంటే రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు కావచ్చు. ఆ అనుమానం ఉన్న పిల్లాడికి కండకు ఇంజెక్షన్ చేయించకూడదు, లోపల రక్తం గూడు కడుతుంది. ఆరోది కవాసాకి జబ్బు, రక్తనాళాలు వాచే జబ్బు ఇది. దానికి ఐవీఐజీ అనే మందు జ్వరం మొదలైన 10 రోజుల్లోపు ఎక్కిస్తే గుండె రక్తనాళాలు దెబ్బతినే ప్రమాదం బాగా తగ్గుతుంది. అందుకే "ఇంకో రెండ్రోజులు చూద్దాం" అనే మాట అక్కడ పనికిరాదు.

వీటిలో ఏవీ లేకపోతే కంగారు లేదు. కింది మెట్లు వరుసగా చేయండి.

## 2. సిద్ధం చేసుకోవాల్సినవి

ఒక నోటుబుక్కు, ఫోను, థర్మామీటరు, కొలిచే టేపు. ఇంతే.

నోటుబుక్కులో వారం రోజులు ఐదు విషయాలు రాయండి: లేచిన టైము, ఆ తర్వాత మామూలుగా నడవడానికి పట్టిన సమయం, ఏ కీలు, జ్వరం ఎంత, ఏ మందు వేశారు. పొడుగ్గా రాయక్కర్లేదు. ఇలా ఉంటే చాలు:

"మంగళవారం. 6.40కి లేచింది. ఎత్తుకోమంది. బాత్రూముకి కుడి మోకాలు వంచకుండా నడిచింది. 7.30కి మామూలే. సాయంత్రం వీధిలో ఆడింది. జ్వరం లేదు. మందు వేయలేదు."

"అప్పుడప్పుడూ కాలు నొప్పంటుంది డాక్టర్" అనే వాక్యం కంటే ఈ నాలుగు లైన్లు వంద రెట్లు పనికొస్తాయి.

ఫోనుతో మూడు రకాల వీడియోలు తీయండి. పొద్దున్న లేవగానే మంచం దిగి నడిచేది ఒకటి. అదే రోజు సాయంత్రం నడిచేది ఒకటి. మెట్లెక్కి దిగేది ఇంకొకటి. నిక్కరు మోకాళ్లు కనిపించేలా ఉండాలి, పాదాలకు చెప్పులు ఉండకూడదు. ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి తీయండి. ఒంటి మీద మచ్చలో దద్దో కనబడితే ఆ క్షణమే ఫొటో తీయండి, ఆసుపత్రికి వెళ్లేసరికి అది మాయమవ్వచ్చు.

## 3. మూడు ప్రశ్నలు

పిల్లల డాక్టర్లు బడి ఈడు పిల్లల కోసం వాడే పీగాల్స్ అనే చిన్న పరీక్ష ఉంది. అది మూడు ప్రశ్నలతో మొదలవుతుంది. మన ఇళ్లకు తగ్గట్టు అడిగితే ఇలా ఉంటాయి:

1. కీళ్లలో, కండల్లో, నడుములో ఎక్కడైనా నొప్పి గానీ, పట్టేసినట్టు గానీ ఉందా?
2. బట్టలు ఎవరి సాయం లేకుండా వేసుకోగలుగుతోందా? (ఇదివరకు తానే బొత్తాలు పెట్టుకునే పిల్ల ఇప్పుడు "నువ్వే పెట్టు" అంటోందా?)
3. మెట్లు ఎక్కడం, దిగడం కష్టంగా ఉందా?

మన దగ్గర వీటికి ఇంకో రెండు కలపాలి. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోగలుగుతోందా? ఇండియన్ టాయిలెట్ మీద గొంతుక్కూర్చుని లేవగలుగుతోందా? కుర్చీల్లో కూర్చునే దేశాల పరీక్షలకు దొరకని మోకాలి, తుంటి సమస్యలు ఈ రెండింటిలో బయటపడతాయి. భోజనానికి అందరూ కింద కూర్చుంటే పిల్ల ఒక కాలు చాపుకుని కూర్చుంటోందంటే, "సరిగ్గా కూర్చో" అని కసిరే ముందు ఆ మోకాలు ఒకసారి చూడండి.

## 4. పొద్దున్న ఏం చూడాలి

కీలు లోపల వాపు ఉన్న పిల్లలకు నిద్ర లేచాక, లేదా చాలాసేపు కూర్చుని లేచాక కీళ్లు బిగుసుకుని ఉంటాయి. కాసేపు కదిలాక సర్దుకుంటాయి. ఇది అరగంట ఉండొచ్చు, రెండు గంటలూ ఉండొచ్చు. పదేళ్ల పిల్లాడు ఆ మాట చెప్పగలడు. రెండేళ్ల పిల్ల చెప్పలేదు, చేసి చూపిస్తుంది.

ఆ చూపించడం ఇలా ఉంటుంది. లేవగానే మంచం దిగకుండా చేతులు చాపి ఎత్తుకోమంటుంది. దింపితే ఒక కాలు బిర్రుగా పెట్టి రెండడుగులు వేసి కూర్చుండిపోతుంది. బాటిల్ మూత తీసిమ్మంటుంది. బాగా నడుస్తున్న పిల్ల మళ్లీ పాకడం మొదలుపెడుతుంది. పది గంటలకల్లా పరుగులు పెడుతుంది. దాంతో ఇంట్లోవాళ్లు "పొద్దున్నే గారాబం" అనుకుంటారు. పదకొండింటికి ఓపీలో కూర్చున్నప్పుడు ఆ పిల్ల చక్కగా నడుస్తుంది, చూసినవాళ్లు "ఏం లేదు" అని పంపేస్తారు. వీడియో అడిగేది అందుకే.

ఇంకో విషయం. చిన్నపిల్లల్లో బాగా ఎక్కువగా కనిపించే కీళ్లవాతంలో నొప్పి అనే మాటే రాకపోవచ్చు. మోకాలు వాచి ఉంటుంది, పిల్ల ఆడుకుంటూనే ఉంటుంది. నొప్పి లేదు కాబట్టి జబ్బు లేదనుకోవద్దు.

## 5. ఇంట్లో చేసే పరీక్ష, వరుసగా

పిల్ల హుషారుగా ఉన్నప్పుడు ఆటలా చేయించండి. మీరు చేసి చూపిస్తే తానూ చేస్తుంది. ప్రతి దాంట్లోనూ కుడినీ ఎడమనీ పోల్చడమే అసలు పని.

1. నడక. మామూలుగా, తర్వాత మునివేళ్ల మీద, తర్వాత మడమల మీద. మునివేళ్ల మీద నిలవలేకపోతే చీలమండ, మడమ చూడాలి.
2. చేతులు ముందుకు చాపడం, తిప్పడం, గట్టిగా పిడికిలి బిగించడం. పిడికిలిలో ఒక వేలు పూర్తిగా ముడుచుకోకుండా పైకి నిలిచిపోతోందా?
3. బొటనవేలితో మిగతా వేళ్ల కొనలు ఒక్కొక్కటిగా తాకడం.
4. నమస్కారం. అరచేతులు కలిపి మోచేతులు పైకెత్తాలి. తర్వాత రెండు చేతుల వెనక భాగాలు కలపాలి. మణికట్టులో వాపుంటే ఇక్కడ మొదట దొరుకుతుంది: అరచేతుల మధ్య ఖాళీ మిగులుతుంది.
5. చేతులు పైకెత్తి ఆకాశం చూడటం, తర్వాత చేతులు మెడ వెనక పెట్టుకోవడం.
6. చెవిని భుజానికి ఆనించడం, రెండు వైపులా.
7. నోరు పెద్దగా తెరిచి తన మూడు వేళ్లు నిలువుగా పెట్టుకోవడం. పట్టకపోయినా, తెరిచేటప్పుడు గడ్డం ఒక పక్కకు పోతున్నా దవడ కీలు సంగతి డాక్టరుకు చెప్పాలి. ఇది ఎవరూ చూడరు, అందుకే ఆలస్యంగా దొరుకుతుంది.
8. మోకాళ్లు. పడుకోబెట్టి రెండు కాళ్లూ చాపించండి. మోకాలిచిప్పకు అటూ ఇటూ చిన్న గుంటలుంటాయి. ఒక మోకాలికి అవి పూడిపోయి ఉంటే లోపల నీరు చేరిందని అనుమానించాలి. చేతి వెనక భాగంతో తొడ, మోకాలు, పిక్క వరుసగా తాకండి. మామూలు మోకాలు తొడ కంటే చల్లగా తగులుతుంది. వెచ్చగా తగిలితే గమనించాల్సిందే. తర్వాత మడమ పిరుదుకు తాకేలా మోకాలు వంచించండి.
9. తుంటి. మోకాలు, తుంటి వంచి పాదాన్ని నెమ్మదిగా బయటికి, లోపలికి తిప్పండి. ఒక వైపు తిరగకపోయినా, ముఖం చిట్లించినా రాసుకోండి.
10. నడుము. వంగి కాలివేళ్లు తాకడం.
11. నేల మీద నుంచి లేవడం. చేతులు నేలకూ, ఆపైన తొడలకూ ఆనించుకుంటూ ఎగబాకినట్టు లేస్తే అది కీలు కాదు, కండల బలహీనత.

టేపుతో రెండు మోకాళ్లూ చిప్ప మధ్యలో చుట్టు కొలవండి. చిప్పకు పైన నాలుగు వేళ్ల దూరంలో తొడ కూడా కొలవండి. మోకాలు లావై, తొడ సన్నబడి ఉంటే వాపు నిన్న మొన్నటిది కాదని అర్థం. చాలాకాలం వాచిన మోకాలి వైపు కాలు రెండోదాని కంటే కాస్త పొడుగు పెరగడం కూడా చిన్నపిల్లల్లో చూస్తాం.

మోకాలు నొప్పి అన్న ప్రతి పిల్లకూ తుంటి పరీక్ష తప్పనిసరి. తుంటి నొప్పి చాలాసార్లు తొడలోనో మోకాలిలోనో తెలుస్తుంది. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల మధ్య కుంటే మగపిల్లల్లో పెర్తెస్ జబ్బు (తొడ ఎముక తలకు రక్తం అందక దెబ్బతినడం), బరువు ఎక్కువున్న టీనేజీ పిల్లల్లో తొడ ఎముక తల జారడం ఇలాగే "మోకాలి నొప్పి" పేరుతో వస్తాయి. మోకాలు ఎక్స్‌రే తీస్తారు, అది బాగుంటుంది, అసలు సంగతి పైన దాక్కుని ఉంటుంది.

## 6. ఎదుగుదల నొప్పులా, కాదా?

రాత్రి కాళ్లు పీకుతున్నాయి, గుంజుతున్నాయి అనే పిల్లల్లో ఎక్కువమందివి ఇవే. నాలుగూ కలిస్తే ధైర్యంగా ఉండొచ్చు:

☐ వయసు 3 నుంచి 12 మధ్య

☐ రెండు కాళ్లలోనూ, పిక్కల్లో, తొడల్లో, మోకాలి వెనక. కీలులో కాదు

☐ సాయంత్రమో రాత్రో వస్తుంది, నొక్కితే, నూనె రాస్తే హాయిగా ఉంటుంది

☐ పొద్దున్నకు ఏమీ ఉండదు, కుంటదు, ఆటలు మానదు

రోజూ ఒకే కాలులో, ఒకే చోట వస్తే ఎదుగుదల నొప్పి కాదు. కుంటితే కాదు. ముట్టుకోనివ్వకపోతే కాదు. జ్వరం, బరువు తగ్గడం తోడైతే కాదు. కీళ్లు మరీ సాగే పిల్లలకు, అంటే బొటనవేలు వెనక్కి వంచి ముంజేతికి తాకించగలిగే వాళ్లకు, బాగా ఆడిన రోజు సాయంత్రం నొప్పులు మామూలే. ఎండ తగలని, పాలూ గుడ్లూ తినని పిల్లల్లో విటమిన్ డి లోపం కూడా చూడాలి.

## 7. గుర్తుపట్టాల్సిన నమూనాలు

16 ఏళ్లలోపు మొదలై, ఆరు వారాలు దాటి ఉండే, వేరే కారణం దొరకని కీళ్లవాపును జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థరైటిస్, పొట్టిగా జేఐఏ అంటారు. అది ఒకే జబ్బు కాదు, ఏడు రకాలుగా విడదీశారు. ఆరు వారాలు అన్నది పేరు పెట్టడానికి గీత, ఇంట్లో ఆగడానికి కాదు. వాపు కంటికి కనిపిస్తే ఆ వారంలోనే చూపించాలి.

చిన్నపిల్ల, ఒకటి రెండు పెద్ద కీళ్లు. ఆరేళ్లలోపు వయసు, ఎక్కువగా ఆడపిల్లలు, మోకాలు గానీ చీలమండ గానీ. జ్వరం ఉండదు, పిల్ల పైకి బాగానే ఉంటుంది. దీంతో కంటికి వచ్చే చిక్కు గురించి విడిగా రాశాను.

మగపిల్లాడు, మడమ నొప్పి. ఎనిమిది, పదేళ్లు దాటిన అబ్బాయి. పొద్దున్న అడుగు తీసి అడుగు వేస్తే మడమలో పోటు, పాదం అడుగున నొప్పి. ఒక మోకాలు లేదా తుంటి వాపు. తర్వాత పిరుదుల్లో, నడుములో బిగుతు, అది విశ్రాంతితో పెరిగి, కదిలితే తగ్గుతుంది. మన దేశంలో పిల్లల కీళ్ల క్లినిక్కులలో ఇది బాగా కనిపించే రకం. "క్రికెట్ ఎక్కువాడాడు" అనే మాట కింద ఏళ్లు గడిచిపోతాయి. ఆట వల్ల వచ్చే మడమ నొప్పి ఆడాక పెరుగుతుంది, సెలవుల్లో తగ్గుతుంది. ఇది సెలవుల్లోనూ పొద్దున్నే పలకరిస్తుంది.

టీనేజీ అమ్మాయి, రెండు చేతుల చిన్న కీళ్లు. వేలి కణుపులు, మణికట్లు రెండు వైపులా. గాజులు ఎక్కవు, రాత నెమ్మదిస్తుంది, పరీక్షలో పేపరు పూర్తి కాదు. పెద్దవాళ్ల రుమటాయిడ్‌కు దగ్గర చుట్టం ఇది, తొందరగా మందు పడాలి.

రోజూ ఒకే టైముకు జ్వరం. రెండు వారాలకు పైగా, రోజుకోసారి, ఎక్కువగా సాయంత్రం 102, 103 దాకా ఎగిసి మళ్లీ మామూలుకు దిగిపోతుంది. జ్వరం ఉన్నప్పుడు నీరసంగా పడుకుని, దిగాక ఆడుకుంటుంది. జ్వరం ఎక్కినప్పుడే ఛాతీ, పొట్ట, చేతుల లోపలి వైపు లేత గులాబీ మచ్చలు వచ్చి పోతాయి. మన ఒంటి రంగు మీద అవి సరిగ్గా కనబడవు, పక్క నుంచి వెలుతురు పడేలా చూసి ఫొటో తీయాలి. కీళ్లు తర్వాత వాచొచ్చు. ఇది సిస్టమిక్ జేఐఏ. టైఫాయిడ్ మందులు ఒకటి మార్చి ఒకటి వాడుతూ రోజులు పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే. ఎగిసి దిగే జ్వరం కాస్తా దిగకుండా ఉండిపోయి, పిల్ల మత్తుగా మారి, ప్లేట్‌లెట్లు పడిపోతుంటే అది ప్రాణాల మీదికి వచ్చే పరిస్థితి, పెద్దాసుపత్రికి పరుగెత్తాలి.

నొప్పి కీలు మారుతుంటే రుమాటిక్ జ్వరం. 5 నుంచి 15 ఏళ్ల పిల్లలు. గొంతు నొప్పి వచ్చి తగ్గిన రెండు మూడు వారాలకు మొదలవుతుంది. ఇవాళ మోకాలు, రేపు చీలమండ, ఎల్లుండి మోచెయ్యి. దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి. కీళ్లు ఏ మచ్చా లేకుండా బాగవుతాయి, గుండె కవాటాలు మాత్రం శాశ్వతంగా దెబ్బతినొచ్చు. అనుమానం ఉన్న ప్రతి పిల్లకూ గుండె ఎకో (గుండె స్కాన్) తీయాలి, స్టెతస్కోపుకు ఏమీ వినబడకపోయినా సరే. కొందరిలో నెలల తర్వాత చేతులు వాటంతటవే కదలడం, గ్లాసులు జారవిడవడం, రాత చెడిపోవడం, ఊరికే ఏడవడం మొదలవుతుంది. నిద్రలో ఆ కదలికలు ఆగిపోతాయి. బడిలో అల్లరి అని దెబ్బలు తినే పిల్లలు వీళ్లు.

రుమాటిక్ జ్వరం అని తేలితే బెంజథీన్ పెన్సిలిన్ ఇంజెక్షన్, మన జనం పెనిడ్యూర్ అనేది, మూడు వారాలకోసారి ఏళ్ల తరబడి తప్పకుండా చేయించాలి.

మిగతావి క్లుప్తంగా:

- కాళ్ల మీద, పిరుదుల మీద చేతికి తగిలే ఊదా మచ్చలు, గాజు గ్లాసుతో నొక్కినా పోవు. కడుపునొప్పి, చీలమండల వాపు. ఐజీఏ వాస్క్యులైటిస్. కీళ్లు త్వరగా తగ్గుతాయి. కిడ్నీ కోసం కనీసం ఆరు నెలలు మూత్రపరీక్ష ఆపకూడదు.
- కనురెప్పల మీద ఊదారంగు, వేలి కణుపుల మీద పొట్టు లేచే మచ్చలు, జడ వేసుకోవడానికి చేతులెత్తలేకపోవడం, బస్సు మెట్లు ఎక్కలేకపోవడం. జువెనైల్ డెర్మటోమయోసైటిస్.
- టీనేజీ అమ్మాయికి వేళ్ల నొప్పులు, ఎండకు ఎర్రబడే చెంపలు, నోటి పుండ్లు, జుట్టు ఊడటం, నురగ మూత్రం. లూపస్.
- నెలల తరబడి నెమ్మదిగా వాచే ఒకే కీలు, ఇంట్లో ఎవరికైనా టీబీ. కీలు టీబీ.
- వైరల్ జ్వరం తగ్గిన వారానికి తుంటి నొప్పితో కుంటడం, పిల్ల హుషారుగానే ఉంటుంది. ఎక్కువగా వారం, పది రోజుల్లో తగ్గిపోయే తాత్కాలిక వాపు.
- ఊళ్లో చికున్‌గున్యా ఉన్న సీజనులో ఒకేసారి జ్వరం, దద్దు, కీళ్ల నొప్పులు.

అమెరికాలో న్యూజెర్సీ, కనెక్టికట్ వైపు ఉంటున్న తెలుగువాళ్లయితే మోకాలు వాచిన పిల్ల విషయంలో లైమ్ జబ్బు సంగతి కూడా డాక్టరును అడగాలి. అది పిడుదు పురుగు కుడితే వచ్చేది, కుట్టిన గుర్తు లేకపోయినా రావచ్చు.

## 8. కళ్లు: నొప్పి లేకుండా పోయే చూపు

చిన్నపిల్లల్లో ఒకటి రెండు కీళ్లు వాచే రకంలో, ముఖ్యంగా ఏఎన్ఏ అనే రక్తపరీక్ష పాజిటివ్ ఉన్నవాళ్లలో, కంటి లోపల వాపు వస్తుంది. కన్ను ఎర్రబడదు, నీరు కారదు, నొప్పుండదు. పిల్ల టీవీ దగ్గరగా చూస్తోందని తెలిసేసరికే నష్టం జరిగిపోయి ఉంటుంది.

టార్చి వేసి చూస్తే ఇది దొరకదు. కంటి డాక్టరు స్లిట్‌ల్యాంప్ అనే పరికరంతో చూడాలి. ఏడేళ్లలోపు మొదలై, ఏఎన్ఏ పాజిటివ్ ఉన్న పిల్లలకు మొదటి నాలుగేళ్లు మూడు నెలలకోసారి చూపించాలి. కీళ్లు పూర్తిగా తగ్గిపోయినా ఈ చెకప్ ఆగదు. కీళ్లూ కళ్లూ ఒకేసారి నడవాలని లేదు.

మడమ నొప్పి అబ్బాయిల్లో దీనికి పూర్తిగా తేడా: కన్ను ఎర్రబడి, వెలుగు చూడలేక, నొప్పితో వస్తుంది.

## 9. రిపోర్టులు చదవడం

సీబీపీ (రక్తకణాల లెక్క), ఒంట్లో వాపును చూపే ఈఎస్ఆర్, సీఆర్పీ, మూత్రపరీక్ష ముందు చేయించేవి. అవసరాన్ని బట్టి ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్, టీబీ పరీక్షలు. మిగతావి డాక్టరు పిల్లను చూశాక అడగాల్సినవి. మీరే ల్యాబ్‌కు వెళ్లి "వాతం ప్యాకేజీ" చేయించుకోవద్దు. ఎందుకో చూడండి.

ఏఎస్ఓ. ఇది పెరిగిందంటే ఈమధ్య స్ట్రెప్ క్రిమి తగిలిందని మాత్రమే అర్థం. బడి ఈడు పిల్లల్లో గొంతు ఇన్ఫెక్షన్లు మామూలు కాబట్టి రిపోర్టులో ఉండే 200 గీత దాటడం కూడా మామూలే. ఒట్టి కాళ్ల నొప్పికి, ఏఎస్ఓ 400 ఉందని ఏళ్ల తరబడి పెన్సిలిన్ ఇంజెక్షన్లు పొడిపించుకుంటున్న పిల్లలు మన జిల్లాల్లో తక్కువేం లేరు. వాపు లేదు, ఎకో బాగుంది, మిగతా లక్షణాలు లేవంటే ఆ అంకె ఒక్కటే రుమాటిక్ జ్వరం కాదు. అలాగని ఇంజెక్షన్లు మీ అంతట మీరు ఆపకండి, పిల్లల గుండె డాక్టరుకో రుమటాలజిస్టుకో (కీళ్లవాతం డాక్టరు) మళ్లీ చూపించి తేల్చుకోండి.

ఆర్ఏ ఫ్యాక్టర్. పెద్దవాళ్ల రుమటాయిడ్ వాతానికి చేసే రక్తపరీక్ష. జేఐఏ పిల్లల్లో సుమారు 5 శాతం మందికే పాజిటివ్ వస్తుంది. నెగెటివ్ వస్తే "వాతం లేదు" అనుకోవడం పెద్ద పొరపాటు.

ఈఎస్ఆర్. ఒక మోకాలు వాచిన పిల్లకు ఇది నార్మల్‌గానే ఉండొచ్చు.

ఏఎన్ఏ, హెచ్ఎల్ఏ-బీ27. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ పాజిటివ్ వస్తాయి. కీలు వాచిన పిల్లలోనే వాటికి విలువ.

యూరిక్ యాసిడ్. పెద్దవాళ్ల గౌటు కోసం చేసేది. పిల్లల కీళ్ల నొప్పికి ఇది దాదాపు ఎప్పుడూ కారణం కాదు.

ఒక జోడీని మాత్రం గుర్తుపెట్టుకోండి: ఈఎస్ఆర్ బాగా ఎక్కువుండి ప్లేట్‌లెట్లు తక్కువగానో, "ఇంత వాపుకు ఇవి పెరగాలి కదా" అనేంత మామూలుగానో ఉంటే లుకేమియా కాదని తేల్చుకున్నాకే ముందుకు వెళ్లాలి. కీళ్లవాతంలో ప్లేట్‌లెట్లు సాధారణంగా పెరుగుతాయి.

## 10. తరచూ జరిగే తప్పులు, ఏం చేయాలి

డెక్సా ఇంజెక్షన్. ఆర్ఎంపీ దగ్గర ఒక సూదితో పిల్ల మర్నాడే లేచి పరుగెడుతుంది. అది స్టెరాయిడ్ మహిమ. దాంతో లుకేమియా కొన్ని వారాలు దాక్కుంటుంది, కీలులో చీము ముదురుతుంది. ఇప్పటికే పడి ఉంటే సిగ్గుపడకుండా మందు చీటీ, తేదీ డాక్టరుకు చూపించండి.

కట్టు కట్టించడం. వాపు కనబడగానే బెణుకు అనుకుని నాటు కట్టు వేయిస్తారు. వాపున్న కీలును వారాల తరబడి బిగించేస్తే అలాగే వంగి బిగుసుకుంటుంది. దెబ్బ తగిలిన సంగతి ఎవరూ చూడకపోతే, లేదా వారం దాటినా వాపు తగ్గకపోతే కట్టు విప్పించి చూపించండి. నిజానికి నడక నేర్చే వయసులో పిల్లలు రోజూ పడతారు, వెతికితే ప్రతి వాపుకూ ఒక దెబ్బ దొరుకుతుంది.

నొప్పి మాత్రలు ముందే వేసేయడం. రుమాటిక్ జ్వరంలో ఇబుప్రొఫెన్ లాంటివి తొందరగా పడితే కీలు మారే తీరు అక్కడితో ఆగిపోయి, జబ్బు గుర్తు పోతుంది. డెంగీ రోజుల్లో అవి రక్తస్రావానికి దారితీయొచ్చు. డాక్టరు చూసేదాకా పారాసెటమాల్ చాలు, కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, ఆరు గంటల తేడాతో. ఆస్పిరిన్ మీ అంతట మీరు వేయొద్దు.

మంచానికే పరిమితం చేయడం. చీము, ఎముక విరగడం, గుండె వాపు లాంటివి లేవని తేలాక పిల్లను కదలనివ్వాలి. పొద్దున్న గోరువెచ్చని నీళ్ల స్నానం బిగుతు తొందరగా వదిలిస్తుంది.

పులుపు, వంకాయ, పప్పు మాన్పించడం. వీటివల్ల కీళ్లవాతం రాదు, మాన్పిస్తే తగ్గదు. జబ్బుతో ఆకలి తగ్గిన పిల్లకు ఉన్న తిండి కూడా తీసేసినట్టవుతుంది.

## 11. డాక్టరు దగ్గరికి వెళ్లే రోజు

మొదట పిల్లల డాక్టరు. కీలు వాపు ఉందని ఆయనకూ అనిపిస్తే, కారణం తేలకపోతే పిల్లల రుమటాలజిస్టు, లేదంటే పిల్లల్ని చూసే రుమటాలజిస్టు. హైదరాబాద్ నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది. మిగతా జిల్లాల్లో మెడికల్ కాలేజీ ఆసుపత్రి పిల్లల విభాగంలో అడిగితే ఎక్కడికి పంపాలో చెబుతారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ల వరకు అంగన్‌వాడీల్లో, సర్కారు బడుల్లో పరీక్షలు చేస్తారు. ఆ జాబితాలో రుమాటిక్ గుండె జబ్బు, విటమిన్ డి లోపంతో వచ్చే రికెట్స్ ఉన్నాయి. బడికి వచ్చిన ఆ బృందానికి పిల్ల సంగతి చెప్పి రిఫరల్ రాయించుకోండి.

తీసుకెళ్లాల్సినవి:

☐ వారం నోట్సు, వీడియోలు, మచ్చల ఫొటోలు

☐ పాత రిపోర్టులు, ఎక్స్‌రే ఫిల్ములు, ఇప్పటిదాకా వాడిన మందుల చీటీలు

☐ టీకాల కార్డు

☐ గత నెలలో గొంతునొప్పి, విరేచనాలు, జ్వరం వచ్చిన తేదీలు

☐ కుటుంబంలో సోరియాసిస్, నడుము పట్టేసే జబ్బు, కీళ్లవాతం, టీబీ ఎవరికున్నాయో

☐ నిక్కరు లాంటి పొట్టి బట్టలు, కీళ్లన్నీ కనబడేలా

"నొప్పి ఎక్కడ?" అని అడిగితే మీరు చెప్పకండి. పిల్లనే ఒక వేలితో చూపించమనండి. మోకాలు చూపించి, ఇంకోసారి అడిగితే తొడ చూపిస్తే అదీ పనికొచ్చే సమాచారమే.

వెళ్లే ముందు ఈ నాలుగు ప్రశ్నలు రాసుకోండి: కీలులో వాపు ఉందా, లేక నొప్పి మాత్రమేనా? చీము, టీబీ, లుకేమియా కాదని ఎలా తేల్చారు? కంటి పరీక్ష ఎప్పుడు? మళ్లీ ఎప్పుడు రావాలి, అంతకుముందే ఏం కనబడితే రావాలి?

"ఏం లేదు, తగ్గిపోతుంది" అన్నా పొద్దున్న బిగుతు, కుంటడం కొనసాగుతుంటే రెండు వారాలకు కొత్త వీడియోలతో మళ్లీ వెళ్లండి. అదే డాక్టరు దగ్గరికే వెళ్లినా పర్వాలేదు, రెండోసారి పోల్చడానికి ఆయన దగ్గర మొదటి పరీక్ష ఉంటుంది.

## 12. జేఐఏ అని తేలితే మొదటి నెలలో

వాచిన ఒక కీలుకు అందులోకే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వొచ్చు. పైన చెప్పిన డెక్సా సూదికీ దీనికీ పోలిక లేదు, ఇది కారణం తేలాక, కీలులోకి మాత్రమే ఇచ్చేది. ఎక్కువ కీళ్లుంటే మెథోట్రెక్సేట్ వస్తుంది. మెడికల్ షాపులో "రోజూ" అని పొరపాటున చెప్పినా వినొద్దు. ఈ మందు వారానికి ఒక్క రోజే. రోజూ వేస్తే ప్రాణాపాయం. ఒక వారం రోజు ఖాయం చేసుకుని, క్యాలెండరులో ఆ గడి చుట్టూ గీత గీసి, మందు ఇచ్చాక టిక్ పెట్టండి. డబ్బా పిల్లకు అందని చోట, ఇంట్లో మిగతావాళ్ల బీపీ, షుగర్ మాత్రలతో కలవకుండా పెట్టండి.

ఫోలిక్ యాసిడ్ ఏ రోజు, రక్తపరీక్షలు ఎన్నాళ్లకోసారి అన్నది డాక్టరుతో చీటీ మీదే రాయించుకోండి. ఈ మందులు నడుస్తుండగా ఎంఎంఆర్, ఆటలమ్మ టీకాల్లాంటి బతికున్న క్రిమి టీకాలు వేయించేముందు డాక్టరును అడగాలి. క్లాసులో ఎవరికైనా ఆటలమ్మ వస్తే ఆరోజే ఫోను చేయాలి.

బడికి ఒక ఉత్తరం రాయించండి: పొద్దున్న ఆలస్యమైతే శిక్షించవద్దని, గంటకోసారి లేచి నడవనివ్వమని, క్లాసు పైఅంతస్తులో ఉంటే కిందికి మార్చమని, పరీక్షలో రాయడానికి అదనపు సమయం ఇవ్వమని. పీటీ పీరియడు మాత్రం మాన్పించమని రాయించకండి, ఓపిక ఉన్న రోజు తన ఇష్టం మేరకు ఆడనివ్వమని రాయించండి.